మోకాలి ఎత్తు టైర్లు

డెమాక్ తీరంలో సముద్రం ఊళ్ళోకి రావడానికి తుఫాను అక్కర్లేదు. పోటు వేళకి వస్తుంది, వీధులన్నీ తిరుగుతుంది, గుమ్మాలు తడుపుతుంది, ఆటు వేళకి వెళ్ళిపోతుంది. నేల ఏటేటా కుంగుతోంది గనక ఏటేటా ఇంకో నాలుగిళ్ళు లోపలికి వస్తుంది. ఒకసారి జిల్లా కేంద్రం నుంచి ఒక పెద్దమనిషి పొడుగాటి రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చి, తీరప్రజల ఓర్పు దేశానికే ఆదర్శమని మైకులో చెప్పాడు. జనం ఆ మాట విననే లేదు, బూట్లు చూస్తూ ఉండిపోయారు.

అక్కడున్నది ఓర్పు కాదు, మట్టిపని. నీళ్ళు ఇంట్లోకి వస్తే లారీ మట్టి తెప్పించి గచ్చు లేపుతారు. మళ్ళీ వస్తే మళ్ళీ లేపుతారు. గచ్చు లేస్తుంది గానీ పైకప్పు లేవదు. అందుకని ఊళ్ళో చాలా ఇళ్ళలో మగాళ్ళు అయినదానికీ కానిదానికీ నమస్కారం పెడుతున్నట్టు వంగి తిరుగుతుంటారు. నిటారుగా తల ఎగరేసి నడవగలిగేది పిల్లలూ, మేకలూ, వార్సినీ.

వార్సినిని ఊరంతా 'యు వార్' అంటుంది. యు అంటే అక్క. యాభై దాటిన మనిషి, గట్టిగా ఊపిరి పీల్చి నిలబడినా పెళ్ళికొడుకుల ఛాతీ దాకా రాదు. పెళ్ళికూతుళ్ళని అలంకరించడం ఆమె వృత్తి. మేనత్త దగ్గర నేర్చుకుంది. పెళ్ళికూతురి నుదుటి మీద మైనం కలిపిన నల్లముద్దతో ఆకుల్లాంటి వంపులు దిద్దాలి, కొప్పు మీద తడి ఆరని మల్లెల వల పరవాలి, దాంట్లో బంగారు పువ్వులు గుచ్చాలి. ఇదంతా తెల్లవారుజామున నమాజు బాంగు వినిపించేసరికి మొదలెడితేనే పెళ్ళికొడుకు వచ్చే వేళకి పూర్తవుతుంది. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు ఆమె తెల్లన్నం, నీళ్ళు తప్ప ముట్టదు. ఆ ఉపవాసం వల్లే పెళ్ళికూతురి మొహానికి కళ వస్తుందని ఊరి నమ్మకం. వార్సిని మాత్రం మొగుడితో ఒకటే మాట చెప్పేది: "కడుపు నిండితే చెయ్యి బరువెక్కుద్ది. గీత వంకరపోద్ది. అంతే."

మొగుడు సర్ముజి వలలు బాగుచేసే మనిషి. మాటలు కూడా వల కన్నాల్లాగే మధ్య మధ్య వదిలేసి మాట్లాడతాడు.

కిందటి నెల ఒక పెళ్ళికి వెళుతుంటే వార్సిని స్కూటరు పోటు నీళ్ళ మధ్యలో దగ్గి, తుమ్మి, ఊరుకుంది. అలంకరణ సామాన్ల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచింది. పాచిపట్టిన సిమెంటు రోడ్డు మీద జారి, పెట్టెతో సహా కూర్చుంది. తడి చేతులతోనే పని మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళు కలిసిన నల్లముద్ద పట్టు ఆగక, దండలు మార్చుకునే వేళకి పెళ్ళికూతురి కళ్ళ మీదుగా చెంపల మీదికి కారింది. ఫొటోలన్నిటిలోనూ ఆ పిల్ల నల్లని కన్నీళ్ళు కారుస్తూ కూర్చుంది. పెళ్ళికొడుకు తరఫు ముసలాయన పక్కకి పిలిచి, "అమ్మాయికి ఇష్టమేనా?" అని అడిగాడు కూడా.

ఆ తర్వాత ఊళ్ళో వినిపించిన కథలో స్కూటరు లేదు, పోటు లేదు, పాచి లేదు. యు వార్ ఉపవాసంలో మేకమాంసం పులుసు తిందట. అందుకే నలుపు కారిందట. ఒక మనిషి తప్పు చేసిందంటే నమ్మినంత తేలిగ్గా రోడ్డు బాగాలేదంటే ఎవరూ నమ్మరు. రోడ్డుకి పాపభయం ఉండదు కదా. వరసగా రెండు పెళ్ళిళ్ళు ఆమెని తప్పించి సెమరాంగ్ పట్నం సలోన్ వాళ్ళకి పోయాయి.

ఇక మిగిలింది కస్మిరా కూతురి పెళ్ళి. కస్మిరా ఎండుచేపల వ్యాపారం చేస్తుంది, గొంతు కూడా చేపల బజారుదే. ఊరు ఆమెని 'బు' అంటుంది, అంటే అమ్మ. పెళ్ళికి వారం ముందు వార్సిని ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"యు వార్, మా అమ్మకి నువ్వంటే గురి. నాకు సలోన్ అంటే గురి. అందుకని ఇద్దర్నీ పిలిచా."

"ఇద్దరేంటి బు కస్మిరా? నుదురు ఒకటేగా!"

"సలోన్ ఆవిడ ముందురోజే వచ్చి మా ఇంట్లోనే పడుకుంటది. బాంగు అయ్యేలోపు నువ్వు పొడిగా మా మెట్టెక్కితే పని నీది. ఎక్కలేదంటే ఆవిడది. ఇంకోటి. పోటు నీళ్ళు తగిలిన చేత్తో నా పిల్ల నుదురు ముట్టనివ్వను. ఎవరైనా సరే. ఆ నల్ల ఏడుపు నా ఇంట్లో వద్దు."

"ఒట్టేనా?"

"వంటకొచ్చిన ఆడాళ్ళందరి ముందూ చెప్పేశా. ఇంక ఒట్టెందుకు?"

ఆమె వెళ్ళాక వార్సిని తన పెట్టె వైపు చూసింది. ఈ పెళ్ళి కూడా పోతే ఊళ్ళో ఆమె చెయ్యి పెట్టే నుదురు ఇంకోటి ఉండదు. పెట్టె అటకెక్కాల్సిందే. "పడవలో పోతే?" అన్నాడు సర్ముజి. మధ్యలో పెద్దరోడ్డు అడ్డం ఉంది, పడవని మోసేదెవరు? "మరి టైర్లు?" అన్నాడు. ఆయన వాక్యం అంతే. కానీ విషయం తెలిసింది.

టైర్లంటే ఆ ఊళ్ళో జుంబాది. గట్టు రోడ్డు మీద అతని షాపు. కంపెనీ వేసిచ్చిన సైజు టైర్లతో బండి తిప్పడం జుంబాది దృష్టిలో కుట్టించుకోకుండా చొక్కా తొడుక్కోవడం లాంటిది. ఫ్యాక్టరీ కుర్రాళ్ళొస్తే పెద్ద రిమ్ముకి బక్కపల్చటి 'వానపాము టైర్లు' వేసేవాడు. ఆ బండి మీద వాళ్ళు సైకిల్ ఎక్కిన గొల్లభామ పురుగుల్లా పోయేవాళ్ళు. చేపలమ్మే వాళ్ళొస్తే బురదబండ్ల టైర్లు వేసేవాడు. ఏ బండికి ఏ టైరు పట్టదంటే దానికే పట్టించాలని అతని పంతం. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. వెనక అందరూ కొంగ అంటారు, ముందు కాంగ్ జుంబాది, అంటే జుంబాది అన్న.

"చెప్పు యు వార్, వానపామా?"

"వానపామూ లేదు, నీ తలకాయా లేదు. నీళ్ళల్లో ఆగకూడదు నా బండి."

"ఎన్ని నీళ్ళు?"

"పెళ్ళి రోజు పొద్దున్నే మోకాలి నీళ్ళంటున్నారు. మోకాలి నీళ్ళొచ్చినా ఇంజనుకి చుక్క తగలకూడదు."

"మోకాలేగా? వదిలెయ్ నాకు."

ఆ ఊళ్ళో నీళ్ళని సెంటీమీటర్లలో ఎవరూ చెప్పరు. చీలమండ నీళ్ళు, పిక్క నీళ్ళు, మోకాలి నీళ్ళు అంటారు. ఎవరి మోకాలని ఎవరూ అడగరు. విన్నవాళ్ళు విన్నట్టు ఎవరి కాలికి వాళ్ళు లెక్కేసుకుంటారు. జుంబాది కూడా తన కాలికే లెక్కేసుకున్నాడు.

పని మాత్రం ఒళ్ళు మరిచి చేశాడు. ముందు వెనక రెండు చక్రాలకీ కొండల్లో తిరిగే బండి టైర్లు తెచ్చాడు, వాటి మీద ఒక్కో రబ్బరు గడ్డ బెల్లం ముక్కంత. స్కూటరు రిమ్ము సన్నం, టైరు వెడల్పు. సబ్బునీళ్ళు పూసి, ఇనప పట్టీలతో తొక్కిపెట్టి ఎక్కించేసరికి టైరు రెండు వైపులా పొంగి పూరీలా నిలబడింది. ముందు మడ్‌గార్డుకి రాసుకుంటే మడ్‌గార్డు బోల్టులు మార్చి పైకి లేపాడు. వెనక ఇంజను పెట్టెకి రాసుకుంటే గడ్డల అంచులు కత్తితో చెక్కేశాడు. టైరుతో వచ్చిన ఎత్తు తన మోకాలికి చాల్లేదని పొడుగు షాకబ్సార్బర్లు వేశాడు. సైలెన్సరు మూతిని ఆకాశానికి తిప్పాడు. బెల్టు పెట్టెకి గాలి పీల్చే గొట్టాన్ని సీటు కిందికి తెచ్చి కట్టాడు. అన్నీ గుర్తున్నాయి. సైడు స్టాండు ఒక్కటే గుర్తు లేదు.

పెళ్ళికి ముందు సాయంత్రం వార్సిని వచ్చేసరికి స్కూటరు పాత టైర్ల కుప్పకి ఆనుకుని ఉంది.

"కాంగ్, ఇది స్కూటరా గుర్రమా?"

"ఎక్కి చూడు."

"ఎక్కడానికి నిచ్చెనేది?"

జుంబాది ఆమెని చంకల కింద పట్టుకుని సీటు మీద కూర్చోబెట్టాడు. రెండు కాళ్ళూ గాల్లో వేలాడాయి. చెప్పొకటి జారి కింద పడింది, పడ్డ చప్పుడు కాస్త ఆలస్యంగా వినిపించినట్టు అనిపించింది ఆమెకి.

"నేల ఏది?"

"మోకాలన్నావు కదా!"

"ఎవరి మోకాలు?"

జుంబాది తన మోకాలు చూసుకున్నాడు. వేలాడుతున్న ఆమె మోకాలు చూశాడు. మళ్ళీ తనది చూసుకున్నాడు.

"నువ్వు చెప్పలేదుగా ఎవరిదో."

"నా బండి, నా పెళ్ళి బేరం, నా మోకాలు కాక నీ పెళ్ళాం మోకాలా? తియ్యి ఇవన్నీ. నా పాతవి వెయ్యి."

"పాతవి... పడవల వాళ్ళకిచ్చేశా. రేవులో గోడకి తగలకుండా పక్కకి కట్టుకున్నారు. అవి ఇప్పుడు సముద్రంలో ఉన్నాయి."

తిట్టడానికి చాలా ఉంది గానీ తెల్లారితే పెళ్ళి. వార్సిని చెప్పు తెప్పించుకుని ఆలోచించింది. నడుస్తున్నంతసేపూ బండికి కాళ్ళతో పని లేదు. ఎక్కడానికి తన ఇంటి అరుగు ఉంది, మూడుసార్లు లేపిన అరుగు, సరిగ్గా సీటు ఎత్తు. చిక్కల్లా ఆగడంలో. అయితే ఆగకపోతే సరి.

"దారిలో పెద్దరోడ్డు దాటాలి, లారీలు," అన్నాడు జుంబాది.

"అక్కడ విజిలేసి బళ్ళు ఆపే మనిషితో నేను మాట్లాడతా. నువ్వు కస్మిరా గుమ్మం ముందు నిలబడు. రాగానే పట్టుకో. నీ మోకాలికి చేయించావు, నువ్వే పట్టుకోవాలి."

"పట్టుకుంటా యు వార్. పసిపిల్లని దించినట్టు దించుతా."

"నోరు ముయ్యి."

తెల్లవారుజామున పోటు అన్నట్టుగానే వచ్చింది. వార్సిని అరుగు మీంచి సీటు మీదికి ఒక్క అడుగు వేసి కూర్చుంది. వెనక పెట్టె, పెట్టె మీద తడి అరటాకుల్లో చుట్టిన మల్లెల వల, అన్నీ తాళ్ళతో కట్టాడు సర్ముజి.

"దిగేటప్పుడు?" అన్నాడు.

"జుంబాది ఉన్నాడు."

"ఊఁ," అన్నాడు సర్ముజి. ఆ ఊఁలో జుంబాది మీద ఆయనకున్న అభిప్రాయం అంతా ఉంది. అని బండిని వెనకనుంచి తోశాడు.

బండి మాత్రం దివ్యంగా పోయింది. నీళ్ళు రెండు వైపులా విడిపోయాయి. పోయినసారి తను కూలబడ్డ చోట ఇంకెవరివో రెండు స్కూటర్లు చచ్చి నిలబడి ఉన్నాయి. వాటి పక్కనుంచి పోతూ గంభీరంగా తల ఊపింది. మీటరు ముల్లు నెమ్మదిగానే పోతున్నట్టు చూపించింది గానీ పెద్ద టైర్ల బండిలో ముల్లు మాట నమ్మకూడదు. తలగుడ్డ చెవుల దగ్గర టపటపా కొట్టుకుంటోంది. పెద్దరోడ్డు దగ్గర విజిలాయన మాట నిలబెట్టుకున్నాడు. రోడ్డు మధ్యలోకి దూకి, రెండు చేతులూ చాపి, అరిచి, సరుకు లారీల వరసని ఆపేశాడు. ముందు లారీ డ్రైవరు కిటికీలోంచి మెడ చాపి, "ఎవరొస్తున్నారు, మంత్రా?" అని అరిచాడు. పక్క సందులోంచి ఆకాశమంత స్కూటరు మీద అరచేతిలో పట్టేంత ఆడమనిషి, వెనక మల్లెల మూటతో, ఆగకుండా, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి!" అంటూ దాటిపోయింది. ఆ దీవెన డ్రైవరుకో విజిలాయనకో ఆమెకే తెలియదు.

కస్మిరా ఇంటికి బాంగు కంటే ముందే వచ్చేసింది. వాకిలంతా నీళ్ళు, మధ్యలో చెక్కల మీద వేసిన పెళ్ళి పందిరి. గుమ్మం ముందు జుంబాది లేడు.

జుంబాది రావడం ముందే వచ్చాడు. వంటకొచ్చిన ఆడవాళ్ళు కాఫీ ఇస్తామని లోపలికి పిలిచారు. కస్మిరా ఇంటి గుమ్మం అతనికి బాగా తెలుసు, ఎంత వంగాలో తలకి అలవాటే. కానీ పెళ్ళికని కిందటి వారమే గచ్చు ఇంకో జానెడు లేపారు. ఎప్పటిలా వంగాడు, ఎప్పుడూ లేని దూలం నుదుటికి తగిలింది. ఇప్పుడు వంటగదిలో చాప మీద పడుకుని ఉన్నాడు, నుదుటి మీద వాపు తగ్గడానికి బియ్యమూ దుంపలూ నూరి వేసిన ముద్దతో. మిగతా మగవాళ్ళంతా మసీదుకి పోయారు.

వార్సిని గుమ్మం ముందు నెమ్మది చేసింది, ఎవరూ లేరని చూసింది, నెమ్మది చేస్తే బండి ఒరుగుతోందని తెలిసి మళ్ళీ వేగం పెంచి పందిరి చుట్టూ తిరిగింది.

"జుంబాదీ! ఒరే కొంగా!"

వంటాడవాళ్ళు గరిటెలతో సహా మెట్ల మీదికొచ్చారు. వెనక కస్మిరా, ఆమె పక్కన సలోన్ ఆవిడ యులిందా. పట్నం మనిషి, పొడుగరి, ఇస్త్రీ మడత నలగని జాకెట్టు, నుదుటి మీద చిన్న బొప్పి. రాత్రే ఆమెకీ ఆ దూలంతో పరిచయమైంది. ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది.

"ఆపవే యు వార్!" అంది ఒక వంటావిడ.

"ఆపలేనే!"

"బ్రేకుల్లేవా?"

"బ్రేకులున్నాయి, కాళ్ళే లేవు!"

"జుంబాది ఏడీ?" వార్సినే మళ్ళీ అరిచింది.

"లోపల చుక్కలు లెక్కెడుతున్నాడు!"

కస్మిరా నడుం మీద చేతులేసుకుంది. "బాంగు అయిపోవస్తోంది. మెట్టెక్కితేనే లెక్క."

"గుమ్మం ముందుకొచ్చానా లేదా?" అంది వార్సిని రెండో చుట్టులో.

"వచ్చావు. పోయావు. మళ్ళీ వచ్చావు. దీన్ని రావడమంటారా, ప్రదక్షిణమంటారా?"

"ఎవరో ఒకళ్ళు దిగి పట్టుకోండే!"

వంటాడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరూ వార్సిని కంటే రెండు వేళ్ళు ఎక్కువ, అంతే. గుర్రమంత బండి మీద పడితే ఎవరు లేపాలి? పైగా సైడు స్టాండు వెయ్యబోయి చూసింది వార్సిని, మడమతో. అది నీళ్ళల్లో దేన్నీ తాకకుండా వేలాడింది. మూడో చుట్టులో తాళ్ళు సడలాయి. అరటాకుల మూట ఒక పక్కకి జారింది. తెల్లటి మల్లెల వల అంచు బయటికొచ్చి నీళ్ళకి జానెడు ఎత్తులో ఊగసాగింది.

యులిందా ఫోను దించింది. ఆమె కళ్ళు బండి మీదా లేవు, వార్సిని మీదా లేవు, మల్లెల మీదే ఉన్నాయి. అలాంటి వల ఒకటి అల్లాలంటే రెండు చేతులకీ ఎంతసేపు పడుతుందో ఆ ఇంట్లో వార్సిని తర్వాత తెలిసింది ఆమెకొక్కత్తికే.

"అయ్యో, పడిపోద్ది!" అని కేక పెట్టి, ఫోను కస్మిరా చేతిలో కుక్కి, ఇస్త్రీ బట్టలతో నీళ్ళల్లోకి దూకింది. పక్కనుంచి వెళ్ళి హ్యాండిలు ఒడిసి పట్టుకుంది. బండి సరిగ్గా మెట్ల పక్కనే ఆగింది, ఆగి ఆమె మీదికి ఒరిగింది. యులిందా మెల్లగా, ఎంతో మర్యాదగా, నీళ్ళల్లో కూర్చుండిపోయింది. ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో మల్లెల మూట, తల మీద పెట్టె అంచు.

"వదలకు అమ్మాయ్!" అంది వార్సిని పైనుంచి.

"వదల్ను! మీరు దిగండి పిన్నీ, నా కాలు టైరు కింద ఉంది!"

వంటాడవాళ్ళు మెట్టు మీంచి చేతులు చాపి వార్సినిని సీటు మీంచి బియ్యం మూటలా అందుకుని గచ్చు మీద నిలబెట్టారు. పెట్టె అందుకున్నారు. మల్లెలు అందుకున్నారు. చివరికి, ఎవరికో గుర్తొచ్చి, యులిందాని అందుకున్నారు. బండిని పందిరి రాటకి మేకలా కట్టేశారు. అప్పుడు మసీదు మైకు గరగరలాడి బాంగు మొదలైంది.

వార్సిని పొడిగా ఉంది. యులిందా ముక్కు చివరి నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి.

కస్మిరా గొంతు సవరించుకుంది. "అంటే... సలోన్ అమ్మాయి పెట్టె లోపలే ఉంది కదా, పొడిగానే. బట్టలు మార్చుకుంటే..."

"చెయ్యి," అంది ఒక వంటావిడ.

"ఏం చెయ్యి?"

"పోటు నీళ్ళు తగిలిన చేత్తో నుదురు ముట్టనివ్వనన్నావు. ఎవరైనా సరే అన్నావు. మేమందరం ఉల్లిపాయలు ఒలుస్తుంటే చెప్పావు."

కస్మిరా చేపల బజారులో పెరిగింది. పదిమంది ముందు పలికిన మాట దిగమింగితే రేపటి నుంచి తన మాటకి విలువ ఉండదని తెలుసు. యులిందా వైపు చూసింది. యులిందా పళ్ళు టకటకలాడిస్తూ, "నాకు నుదురూ వద్దు, ఏమీ వద్దు. ముందో పొడి లుంగీ ఇప్పించండి," అంది.

పెళ్ళికూతురు నఫీసా పీట మీద కూర్చుంది. వార్సిని చేతులు మంచినీళ్ళతో కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, ఊపిరి బిగబట్టి నుదుటి మధ్యలో మొదటి గీత గీసింది. గదిలో పొట్టి లుంగీ, ఎవరిదో వంట జాకెట్టు కట్టుకుని యులిందా గోడకి జేరగిలబడి చూస్తోంది. చాలాసేపు చూసి అంది:

"పిన్నీ, ఎడమ వంపు కాస్త కిందికొచ్చింది."

వార్సిని వెనక్కి తిరగలేదు. తల పక్కకి వంచి చూసింది. కిందికి వచ్చింది. ఎవరికీ అక్కర్లేనంత, తనకి రాత్రి నిద్ర పట్టనంత. దూదితో తుడిచి మళ్ళీ దిద్దింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బావుంది."

"అయితే ఊరికే కూర్చోకు. కొప్పు పిన్నులు అందివ్వు. తడి చెయ్యి తుడుచుకుని."

నలుపు కారలేదు. మధ్యాహ్నం ఎండకీ కారలేదు, పిల్ల నిజంగా ఏడ్చినప్పుడూ కారలేదు. మేకమాంసం పులుసు సంగతి ఎవరూ ఎత్తలేదు. దానికి బదులు, యు వార్ నీళ్ళ మీద నడిచొచ్చిందని ఒక కథ అప్పుడే వంటగదిలో తయారవుతోంది. వార్సిని దాన్ని ఖండించే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

విస్తళ్ళ దగ్గర కస్మిరా చెల్లెలు పక్కకి వచ్చి కూర్చుంది. "యు వార్, మా పెద్దదాని పెళ్ళి వచ్చే నెల. నువ్వే చెయ్యాలి."

వార్సిని అప్పటికి ఉపవాసం విడిచి చేపముక్క ఒలుస్తోంది. "వస్తా. కానీ నాదీ ఒక మాటుంది. బాంగు వేళకి మీ వాకిట్లో పొడుగు మనిషొకడు నిలబడాలి. లోపల కాదు, వాకిట్లో. లేడంటే అటునుంచి అటే ఇంటికెళ్ళిపోతా."

చెల్లెలు ఎదురు పంక్తిలో అన్నం తింటున్న తన మొగుణ్ణి కాలి నుంచి తల దాకా చూసింది. పెద్దగా సేపు పట్టలేదు.

"మా బావగారిని పిలుస్తాలే," అంది.